పల్లెబ్రదుకును పట్టిన ఛాయాచిత్రములు



మీ యింటి నడవలోని గోడను ఒక్కమారు తలచుకొనుడు. అచ్చట పటము గట్టించిన ఛాయాచిత్రములు నాలుగైదు ఉండును. ఒకటి పెండ్లినాటిది. ఒకటి షష్టిపూర్తినాటిది. వేరొకటి కాలముచేసిన పెద్దలది. దానికి కుంకుమబొట్టును పూలదండయు నుండును. కాని మీ తండ్రిగారు అరక గట్టి దున్నుచున్న చిత్రము కలదా? మీ తల్లిగారు కవ్వము పట్టి చల్ల చిలుకుచున్న చిత్రము కలదా? వారు పీటలమీద కూర్చున్నది ఒక్కనాడు. దున్నినదియు చిలికినదియు నలువదేండ్లు. ఆ నలువదేండ్లలో ఒక దినమైనను గోడ యెక్కలేదు. ఆ యొక్కనాడే యెక్కినది.

ఇట్లేల జరిగినదని నేను చాలకాలము వితర్కించితిని. ఛాయాచిత్రకళ చరిత్రను కొంత చదివిన పిదప కొంత బోధపడినది. ఆ చరిత్రలో నాకు నచ్చిన భాగమును నేడు చెప్పెదను. నడుమ నా సొంతగోడు కూడ కొంత వచ్చును, మన్నింపుడు.

ఫ్రాన్సు దేశమున నియెప్సు అను నాతడు 1826, 1827 ప్రాంతమున తన మేడకిటికీనుండి కనబడు ఇండ్లకప్పులను ఒక లోహపురేకుమీద పట్టెను. ఎండ తగిలిన చోట గట్టిపడు ఒక విధమగు కీలు ఆ రేకునకు పూసియుండెను. చిత్రము పడుటకు ఎనిమిది గంటలకు తక్కువ పట్టలేదు. కొన్ని దినములే పట్టినవని చెప్పువారును కలరు. అంతసేపటిలో సూర్యుడు తూర్పునుండి పడమటికి పోయెను గదా. అందుచేత ఎదురెదురు గోడలు రెండింటిమీదను ఒకేమారు ఎండ పడినట్లు ఆ చిత్రములో కనబడును. అట్టి సాధనముతో మనుష్యుని పట్టుట యెట్లు? నడచిపోవు మనుష్యుడు దానికి లేనివాడే. 1839లో డగ్యేరు తన పద్ధతిని లోకమునకు వెల్లడించినప్పుడు ఈ కాలము నిమిషములకు దిగెను. దిగినను, కదలక నిలిచినవానికే చిత్రము, పనిచేయువానికి లేదు. గోడమీద పెండ్లిపీటలే యేల నిలిచినవనుటకు మొదటి కారణ మిదియే.

ఆ కాలముననే ఇంగ్లండులో టాల్బటు అను భూస్వామి యుండెను. ఈతడు 1833లో ఇటలీ దేశమునందలి కోమో సరస్సునొద్ద కూర్చుండి ఆ దృశ్యమును చేతితో గీయ బ్రయత్నించి, గీయలేక విసిగిపోయెను. ప్రకృతి తన బొమ్మను తానే వ్రాసికొనునట్లు చేయరాదా యని ఆతనికి అప్పుడు తోచెనట. 1835లో తన యింటి కిటికీని ఒక చిన్న కాగితపుముక్కమీద పట్టెను. పిమ్మట 1844 మొదలు 1846 వరకు ఛాయాచిత్రములు అతికించిన పుస్తకమొకటి భాగములుగా వెలువరించెను. అందలి చిత్రములు 24. రాజులున్నారా, యుద్ధము లున్నవా యని చూతుముగదా, ఒక చిత్రములో తెరచియుంచిన తలుపు, దానికి చేరవేసిన చీపురు, ప్రక్కను వ్రేలాడు లాంతరు. ఇంకొక చిత్రములో గడ్డివామి, దానికి ఆనించిన నిచ్చెన. నేను ఆ గడ్డివామి బొమ్మను మొదట చూచినప్పుడు నవ్వుకొంటిని. మన దొడ్డిలో ఉన్నదానికి అంత గౌరవమా! కాని తేరిపార చూచినచో ఒక్కొక్క పరక వేరువేరుగ కనబడును. వామి వేయుట యెంత నేర్పో మీకు తెలియును. ఆ వామిని వేసినవాని పనితనము నూటయెనుబది యేండ్లుగా ఆ కాగితముమీద నిలిచియున్నది. వాని పేరు మాత్రము పుస్తకములో లేదు.

టాల్బటునకు ఇది జీవనోపాధి కాదు. కూలికిగాక ప్రీతికి పనిచేయువానిని ఔత్సాహికుడు అందురు. ఛాయాచిత్రకళలో బ్రదుకుతెరువువారు పెండ్లిండ్లకును దర్బారులకును పోయిరి. పొలముగట్లకు పోయినవారు పెక్కుమంది ఔత్సాహికులే. డబ్బిచ్చి తన గడ్డివామిని తీయించుకొను రైతు ఎచ్చటను లేడు గదా.

మన దేశమునకు ఈ విద్య తడవు లేకుండ వచ్చినది. బొంబాయిలో 1854లోను, చెన్నపట్టణము, కలకత్తాలలో 1856లోను ఛాయాచిత్రకారుల సంఘములు వెలసినవి. మదరాసు సైన్యములో కాప్టెన్ లినేయస్ ట్రైపు అను నాతడు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడుగా నియమింపబడి శ్రీరంగము, తంజావూరు, మధుర చిత్రములు తీసెను. తంజావూరి బృహదీశ్వరాలయపు అధిష్ఠానముమీది శాసనమును ముక్కముక్కలుగ పట్టి, 21 చిత్రములను కలిపి, 19 అడుగుల పటముగా చేసెను. ఎంత ఓపిక! కాని 1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యను ఇది విలాసపు ఖర్చని తలచి ఆ పనిని ఆపించెను. ఆ చిత్రములలో గుడులున్నవి, కోటలున్నవి. గుడిముందు పూలమ్ముకొను ముసలమ్మ కనబడుట యరుదు. గోపురము కదలదు, ముసలమ్మ కదలును.

1876 మొదలు 1878 వరకు చెన్నరాజధానిని పీడించిన ధాత కరువును మీ తాతలవలన విని యుందురు. బళ్ళారి, కర్నూలు, కడప మండలములు మిక్కిలి దెబ్బతిన్నవి. ఆ కరువులో హూపరు అను సైనికోద్యోగి ఎముకలగూళ్ళవంటి మనుష్యులను వరుసగా కూర్చుండబెట్టి చిత్రములు తీసెను. ఆ చిత్రములు ఇప్పటికిని చూడ శక్యము కావు. వారు కదలలేదు, కదలు శక్తి వారికి లేదు. వారెవరో, ఏ యూరివారో మనకు తెలియదు. వారు పచ్చగా బ్రదికిననాడు ఒక్కడును కెమెరా పట్టుకొని వారి గడపకు రాలేదు.

హైదరాబాదులో ఆరవ నిజామువారి ఆస్థానమునందు లాలా దీనదయాళు ఉండెను. ఆయనయు మొదట ఇందూరు సంస్థానమున మరామతుశాఖలో ఉద్యోగము చేయుచు సరదాకు ఈ విద్య నేర్చినవాడే. తరువాత అదియే వృత్తియైనది. 1892లో ఘోషాస్త్రీల కొరకు హైదరాబాదులో ప్రత్యేకమగు చిత్రశాలను తెరచి, దానిని ఒక ఆంగ్లవనిత చేతిలో పెట్టెను. ఆయన నైపుణ్యమును గూర్చి వేరొకప్పుడు మాటాడవచ్చును. ఇప్పుడు నాకు కావలసినది పొలముగట్టు.

ఆ గట్టుమీదికి దారి యేర్పడినది 1871 తరువాత. అంతకు పూర్వము గాజుపలకకు మందు పూసి, అది తడిగా నుండగనే చిత్రము తీసి, తడిగా నుండగనే చీకటిగుడారములో కడుగవలెను. పది పదునైదు నిమిషములు దాటెనా, పలక పాడు. మన యెండలలో అది ఎంత బాధయో యూహింపుడు. 1871లో మాడాక్సు అను వైద్యుడు ఎండినపిమ్మటకూడ పనిచేయు పలకకు మార్గము చూపెను. ఇంటివద్దనే పలకలు కొని, సంచిలో వేసికొని, ఎచ్చటికైనను పోవచ్చును. క్షణములో భాగమునకు కదలుచున్నవానిని పట్టవచ్చును. అప్పటినుండి పనిచేయు మనిషి చిత్రములోనికి రాగలిగెను.

ఆ సదుపాయమును వాడుకొన్నవారిలో ఎమర్సను ఒకడు. వైద్యము చదివియు దానిని విడిచిపెట్టెను. ఇంగ్లండు తూర్పుభాగమున నార్ఫోకు అను మండలమున మన కొల్లేటివలె జలమయమగు ప్రాంతము కలదు. అచ్చట రెల్లు కోయువారిని, పడవలవారిని, గడ్డి మోయువారిని, వారు పనిచేయు చోటనే, వారి బట్టలతోనే చిత్రించి 1886లో 40 చిత్రముల సంపుటమును గుడ్‌ఆల్ అను చిత్రకారునితో కలిసి సిద్ధము చేసెను. అదివరకు కొందరు పట్టణపు చిత్రశాలలలో కూలిచ్చి తెచ్చినవారికి పల్లెబట్టలు తొడిగించి పల్లెచిత్రములని చూపుచుండిరి. ఎమర్సనునకు అది ఒంటలేదు. కాని మనిషి చపలచిత్తుడు: ఛాయాచిత్రము గొప్పకళ యని 1889లో పెద్ద గ్రంథము వ్రాసి, మరుసటి సంవత్సరమే అది కళ కాదని నల్ల అంచు గట్టిన చిన్న పుస్తకము అచ్చువేయించెను. సంతాపపత్రిక పంపినట్లు! ఐనను రెల్లుకోతగాండ్రు మాత్రము ఆ చిత్రములలో కోయుచునేయున్నారు.

సర్ బెంజమిను స్టోను (1838–1914) వేరొకవిధము మనిషి. బర్మింగుహాము పట్టణమువాడు, పార్లమెంటు సభ్యుడు. పాత యాచారములును జాతరలును తన కన్నులయెదుటనే మాసిపోవుట చూచి, 1897లో ఔత్సాహికులను కూడగట్టి దేశమంతటి ఛాయాచిత్రములను చేర్చుటకు సంఘము స్థాపించెను. లేడికొమ్ములు పట్టుకొని ఆడు ఒక గ్రామనృత్యము మొదలగువానిని తాను స్వయముగా తీసెను. ఆయన విడిచిన చిత్రములు ఇరువదివేలకు పైగా బర్మింగుహాము గ్రంథాలయములో నున్నవి. మన గంగిరెద్దులవారిని, బుడబుక్కలవారిని, తోలుబొమ్మలాటవారిని అట్లు చేర్చియుంచినవాడు ఒక్కడుండిన యెంత బాగుండెడిది!

ఇక నాకు అందరిలో ప్రియుడు ఒక రైతు. అమెరికాలో వెర్మాంటు రాష్ట్రమున జెరికో అను గ్రామమున 1865లో పుట్టిన విల్సన్ బెంట్లీ. పాడి, చెఱకువంటి తీపిరసమిచ్చు మేపులుచెట్లు, బంగాళాదుంపలు: ఇది ఆతని కమతము. తల్లి పూర్వము బడిపంతులమ్మ. ఆమె కుమారునకు పదునైదవ యేట సూక్ష్మదర్శినిని ఇచ్చెను. ఆ ప్రాంతమున చలికాలమున ఆకాశమునుండి మంచు రవ్వలుగా రాలును. మన పుష్యమాసపు పొగమంచు వంటిది కాదు. దూదిపింజలవలె పడి నేలను మోకాలిలోతున కప్పునది. ఆ రవ్వను సూక్ష్మదర్శినిలో చూడగా ఆరురేకుల పువ్వువలె కనబడెను. బొమ్మ గీయబోవులోగా కరగిపోయెను. అందుచేత కెమెరాను సూక్ష్మదర్శినికి బిగించి, పలుమారులు చెడగొట్టి, 1885 జనవరి 15వ తేదీన మొదటి మంచురవ్వను పట్టెను. అప్పటికి ఇరువదియేండ్లు నిండలేదు.

ఆతని పద్ధతి వినదగినది. వేడిలేని చావడిలో నిలువబడి, నల్లని పలకమీద మంచును పట్టి, మంచి రవ్వను సన్నని పుల్లతో ఎత్తి గాజుబిళ్ళమీద బెట్టి, పక్షియీకతో మెల్లగా నొత్తి, ఊపిరి బిగబట్టి చిత్రము తీయవలెను. ఊపిరి తగిలినచో పువ్వు లేదు. ఇట్లు నలువదియారు చలికాలములు చేసెను. చిత్రములు ఐదువేలకు పైగా! పాలు పితుకుట మానలేదు, ఎండుగడ్డి వేయుట మానలేదు. ఇరుగుపొరుగువారు పిచ్చివాడనుకొనిరి. వానకాలమున వేరొకపని: పళ్ళెములో అంగుళము మందమున మెత్తని పిండి పోసి కొన్నిక్షణములు వానలో నుంచెడివాడు. ఒక్కొక్క చినుకును పిండిలో ఒక్కొక్క ఉండ కట్టెడిది. ఎండిన పిదప ఉండలను కొలిచి చినుకుల పరిమాణము తెలిసికొనెడివాడు. మనవారు వాన వెలిసినవెంటనే మట్టిని పిడికిట పట్టి పదును చూతురు. ఆ రైతు పిండిలో చూచెను. ఇద్దరిదియు ఒకే దృష్టి. 1931లో రెండువేల నాలుగువందలకు మించిన ఆతని చిత్రములతో గ్రంథము వెలువడెను. ఆ సంవత్సరమే డిసెంబరులో మంచుతుపానులో నడచి వచ్చి, జ్వరముపడి, 23వ తేదీన మరణించెను.

సామాన్యునకు కెమెరా చిక్కిన కథ చిన్నది. 1888లో ఈస్టుమను కోడకు పెట్టె నూరు చిత్రములకు సరిపడు చుట్టతో వచ్చెను. వెల 25 డాలర్లు. 1900లో బ్రౌనీ పెట్టె ఒక్క డాలరునకే వచ్చెను. తరువాత బడిపిల్లవాడును ఛాయాచిత్రకారుడే.

నేను దివిసీమవాడను. బడిపంతులుగా నుండగా 1964లో ఆగ్ఫా క్లిక్ అను చిన్న కెమెరాను కొంటిని. దానికి ఎండ, మబ్బు అను రెండు గుర్తులు. రీలుకు 12 చిత్రములు. మా గ్రామపు కాలువ లాకు ఎదుట ఒక తుమ్మచెట్టు ఉండెడిది. ఆ చెట్టుక్రింద నిలువబడి ఒకే చోటినుండి ఋతువులన్నిటిని పట్టవలెనని నా యాశ. మృగశిరకార్తెలో కాలువకు ఎఱ్ఱనీరు దిగుట, శ్రావణమున ఊడ్పులు, కార్తికమున కంకులు వంగుట, పుష్యమున కుప్పలు, వేసవిలో కాలువ కట్టివేయగా అడుగున నెఱ్ఱెలు, ఇవియన్నియు తీసితిని. గట్టువెంట తాడు భుజమున వేసికొని పడవలాగువారినికూడ తీసితిని. ఇప్పుడు ఆ పడవలును లేవు, లాగువారును లేరు.

కొందరు ముసలివారు ఫోటో తీసిన ఆయువు తరుగునని నన్ను చూడగనే మొగము త్రిప్పుకొనెడివారు. ఒకమారు నేను రీలు త్రిప్పుట మరచి, శ్రావణమున ఊడ్పులు తీసిన చోటనే పుష్యమున కోతలుకూడ తీసితిని. వంగి నాటువారిమీద వంగి కోయువారు పడిరి. తప్పు నాదే. ఆ చిత్రమును చూచి మా పాలికాపు ఒకడు, “మేష్టారండీ, నాటిన్నాడే కోశాం! ఇంక మనకి అప్పులెందుకండీ?” అని పడిపడి నవ్వెను.

1971 వానకాలమున ఒకనాటి సాయంకాలము లాకుమీద మబ్బు అద్భుతముగా పట్టినది. కెమెరా ఎత్తితిని. నీళ్ళకు వచ్చిన ఒక యిల్లాలు ఎదురుగా నిలువబడియుండెను. సముద్రపుటంచున నున్న పల్లెనుండి కూలిపనులకు వచ్చి మా లాకు దగ్గర పాకవేసికొన్నవారి యిల్లాలు. “అమ్మా, కొంచెము ప్రక్కకు జరుగుము, మబ్బునకు అడ్డము వచ్చుచున్నావు” అంటిని. ఆమె జరిగెను. పూర్తిగా జరుగకముందే నేను మీట నొక్కితిని. చిత్రము వచ్చిన పిదప కుడిమూలను ఆమె సగము కనబడుచున్నదని విసుగుకొంటిని. తరువాత వారు తమ పల్లెకు పోయిరి.

1977 నవంబరు 19వ తేదీ శనివారము మీలో చాలమందికి జ్ఞాపక ముండును. పంట కోతకు వచ్చియున్నది. తుపానుగాలితో సముద్రము తాటిచెట్టుకు సగమెత్తున లేచి మైళ్ళకొలది లోపలికి వచ్చి దివిసీమను ముంచెను. పదివేలమందికి పైగా చచ్చిరి. ఎన్నియో పల్లెలు ఆనవాలు లేక పోయినవి. మా యిల్లు మెరకను ఉండుటచే గోడలు నిలిచినవి, కప్పు పోయినది. అటకమీది ఫిలిముల రేకుపెట్టెలోనికి వాననీరు దిగి కొన్ని రీలులు ఒకదానికొకటి అంటుకొనిపోయినవి. మిగిలినవానిని మంచినీట కడిగి దండెముమీద ఆరవేసితిని.

రెండుమాసములు గడచిన పిమ్మట ఒకనాడు ఆ యిల్లాలి భర్త మా యింటికి వచ్చెను. తుపానునాడు వేరొకచోట పనికి పోయినందున తాను మిగిలెను; ఇంట మరి యెవ్వరును మిగులలేదు. గుమ్మమునకు దూరముగా నిలువబడి, “మేష్టారండీ, అప్పుడెప్పుడో మీరు లాకుకాడ ఫోటో తీస్తుంటే మా ఇంటిది బిందెతో అడ్డమొచ్చిందంట గదండీ. మీరు జరగమన్నారని నాతో చెప్పి నవ్వింది. అది ఉందాండీ?” అనెను.

వెదకితిని. ఆ రీలు చెడలేదు. బందరు తీసికొనిపోయి ఆ మూలను పెద్దది చేయించితిని. ఆరు సెంటీమీటర్ల ఫిలిములో ఆవగింజంత మొగము. పెద్దది చేయగా కన్నులు, ముక్కు ఏమియు తెలియలేదు, బూడిదరంగు చుక్కలే. అతనికి ఇచ్చుటకు నాకు సిగ్గయ్యెను. అతడు దానిని వెలుతురునకు పట్టి చాలసేపు చూచి, “అదేనండీ. అందరూ ఎడంచంకన పెట్టుకుంటారు, మా ఇంటిది కుడిచంకన పెట్టుద్ది” అనెను. ఆమె మా లాకునొద్ద నున్నంతకాలము నేను దినదినము చూచితిని. ఆ సంగతి నాకు తెలియదు. మబ్బు ఏ దిక్కున పట్టినదో తెలియును.

ఆ రాత్రి పదమూడేండ్ల చిత్రములన్నిటిని ముందర వేసికొని లెక్కించితిని. నాలుగువందలకు కొంచెము తక్కువ. మనిషి మొగము ఆనవాలు పట్టదగినవి వానిలో ముప్పదియొకటి. గడ్డివామి వేసినవాని పేరు వ్రాయలేదని టాల్బటును ఆక్షేపించు అర్హత నాకు లేదు.

అప్పటినుండి ఒక చిత్రము తీసినచో మనిషిని ముందు తీసితిని, వెనుక పేరు, ఊరు, మాసము పెన్సిలుతో వ్రాసితిని. సిరా ఐనచో తడికి అలుకుకొనిపోవును. నా కెమెరాకు రీలు దొరకుట మానిన దాక ఈ పని సాగినది. ఇప్పుడు నా మనుమరాలు తన చేతిఫోనుతో ఒక్క పండుగకే ఐదువందల చిత్రములు తీయును; ఫోను మార్చినప్పుడు సగము పోయినవనును. నేనేమియు అనను.

నిరుడు ఆ మనుమరాలే నా పాత ఫిలిములను కంప్యూటరులోనికి ఎక్కించెను. లాకు చిత్రమును తెరమీద పెంచి చూపెను. నాటి స్టూడియోలో తేలని వివరములు కొన్ని ఇప్పుడు తేలినవి. ఆ యిల్లాలి మొగము మాత్రము తేలలేదు. జరుగుచుండెను గనుక చెదరినది. కాని ఆమె వెనుక, లాకు తలుపు దూలముమీద, ఇన్నేండ్లు నేను కాని, ఆమె భర్త కాని గమనింపని ఒక బాలుడు కూర్చుండియున్నాడు. చొక్కా లేదు. కాళ్ళు నీటిపైకి వ్రేలాడవేసినాడు. చేతిలో చెఱకుముక్కవంటిది కలదు. వాడు కదలలేదు, మొగము స్పష్టముగానే యున్నది. అడుగుదమన్న ఆమె భర్త ఇప్పుడు లేడు. ఆ చిత్రమును పెద్దదిగా అచ్చువేయించి మా పంచాయతీ కార్యాలయపు గోడకు తగిలించితిని. ఇంతవరకు నలుగురు నాలుగు పేర్లు చెప్పిరి, ఏదియు కుదురలేదు. 1971లో పదేండ్లవాడు; బ్రదికియున్న యెడల అరువది దాటియుండును. ఎడమమోకాలిమీద పెద్దమచ్చ కలదు. ఈ ప్రసంగము వినుచున్న దివిసీమ పెద్దలలో ఎవరికైన వాడెవడో తెలిసినచో, ఆ పంచాయతీగోడ యొద్దకు వచ్చి చూడుడు. చిత్రము క్రింద పేరుకొరకు చోటు విడిచియున్నాను.